‘వీమోవే’ పాట అసలు ఎవరిది?

‘వీమోవే’ అని సాగే ఇంగ్లీషు పాట ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ అమెరికా పాటేనా అని ఒకరు అడిగారు. కాదు, అది పుట్టింది దక్షిణాఫ్రికాలో. 1939లో జొహాన్నెస్‌బర్గ్‌లోని గాలో స్టూడియోలో జులూ గాయకుడు సోలమన్ లిండా తన ‘ఈవెనింగ్ బర్డ్స్’ బృందంతో ‘ఎంబూబే’ రికార్డు చేశాడు. జులూ భాషలో ఆ మాటకు సింహం అని అర్థం. పాట చివర్లో ఆయన అప్పటికప్పుడు అల్లిన వరసే తర్వాత లోకమంతా పాడుకుంది. తప్పకుండా ఆ పాత రికార్డు వినండి, ఆ గొంతు ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటుంది.

1950ల మొదట్లో అమెరికాలో ‘వీవర్స్’ బృందం ఆ పాటలోని ‘ఉయింబూబే’ అనే మాటను ‘వీమోవే’గా పాడింది. 1961లో అదే పాటను ఇంగ్లీషు మాటలతో, ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ పేరుతో ‘టోకెన్స్’ బృందం పాడితే అమెరికాలో నంబర్ వన్ అయింది. మరుసటి ఏడాదే లిండా పేదరికంలో చనిపోయాడు. 2006లో పాట హక్కుల కేసులో కోర్టు బయట రాజీ కుదిరాకే ఆయన కూతుళ్లకు రాయల్టీలో న్యాయమైన వాటా దక్కింది.