తిన్నది కడుపులోనే నిలిచిపోతుంటే

తమ్ముడూ,

పొద్దున తిన్న అన్నం సాయంత్రం వాంతిలో మెతుకులుగానే పడిందని మరదలు ఫోనులో చెప్పినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఆరేళ్ల కిందట నాకూ ఇలాగే అయింది. గ్యాసే అనుకుని వాము నములుతూ నాలుగు నెలలు గడిపాను. నువ్వు ఆలస్యం చేయకు.

షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కాళ్ల నరాల్లాగే కడుపును కదిలించే వేగస్ నరమూ దెబ్బతింటుంది. తిన్నది పేగుల్లోకి వేళకు దిగదు. ఈ జబ్బునే గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. ఇన్సులిన్ మాత్రం వేళకు పని మొదలుపెట్టి షుగరును పడగొడుతుంది. భోంచేసిన గంటకే నీకు చెమటలు పట్టి చేతులు వణికింది అందుకే. ఆ అన్నం తీరిగ్గా దిగాక షుగరు ఒక్కసారిగా పెరుగుతుంది. పథ్యం తప్పావని ఇంట్లో ఎవరూ నిన్ను అనకూడదు.

వణుకు మొదలైతే బిస్కెట్లు తినకు. మూడు టీ చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ షుగరు చూసుకో.

జొన్నరొట్టె, గోంగూర, పచ్చి కూరగాయలు షుగరుకు మంచివని ఇన్నాళ్లూ నీకు చెప్పింది నేనే. ఇప్పుడు ఆ పీచే నీ కడుపుకు బరువు, లోపల ఉండకట్టే ప్రమాదమూ ఉంది. మన నల్లగొండ బత్తాయి తొనలు కూడా వద్దు. మెత్తటి అన్నం, పెసరపప్పు, తొక్క తీసి ఉడికించిన సొరకాయ, పలుచటి మజ్జిగ చాలు. నూనె బాగా తగ్గించు, సర్వపిండి మానెయ్. మూడు పూటల తిండిని ఆరుసార్లుగా తిను. నేను మనవరాలి పాలగిన్నెలోనే పెట్టుకుంటాను, అందులో పట్టినంతే. తిన్నాక నడుం వాల్చకు, వాకిట్లో కాసేపు నడువు.

డాక్టరు ముందు ఎండోస్కోపీ చేసి ఎక్కడైనా అడ్డు ఉందేమో చూస్తారు. ఆ తర్వాత కడుపు ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో చూసే స్కానింగు. పరీక్ష కోసం పెట్టిన ఆహారంలో 4 గంటల తర్వాత కూడా 10 శాతానికి మించి కడుపులో మిగిలితే జబ్బు ఉన్నట్టే. వారానికోసారి వేసుకునే కొన్ని షుగరు ఇంజెక్షన్లు కూడా కడుపును మందగింపజేస్తాయి, కాబట్టి మందుల చీటీలన్నీ తీసుకెళ్లు. ఇన్సులిన్ వేళ మార్చాలా అని అడుగు, సొంతంగా మార్చకు, మానకు. వాంతి మాత్రలు దుకాణంలో కొని నెలల తరబడి మింగకు. కొన్నింటి వల్ల నాలుక, ముఖం వాటంతటవే కదలడం మొదలవుతుంది. మంచినీళ్లు కూడా నిలవకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు.

ఆదివారం తొలి బస్సుకు మహబూబ్‌నగర్ వస్తున్నాను. అప్పటిదాకా ఏ వేళకు ఏం తిన్నావో, షుగరు ఎంతుందో మరదలితో రాయించి పెట్టు.

మీ అక్క