బల్బు వెలిగింది, కోడిపిల్లలకు వేడి అందలేదు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. సంఘం లోన్‌తో నా భార్య ఒక్కరోజు వయసున్న వనరాజా జాతి కోడిపిల్లలు 50 తెచ్చింది. పెద్ద అట్టపెట్టెలో ఊక పోసి, పైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టినం. మూడు రాత్రుల్లో 14 చనిపోయాయి. పొద్దున చూస్తే ఒక మూలకు కుప్పగా పడి ఉంటున్నాయి. ఇదేం రోగం సార్? ఏ మందు వెయ్యాలె? పిల్లలను వెచ్చగా ఉంచే బ్రూడర్ ఇంట్లోనే చేసుకోవచ్చా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది రోగంలా లేదు, చలి. చలికి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చనిపోతాయి. మీ అట్టపెట్టెకు మూలలుండటంతో కుప్ప పడటం ఇంకా సులువైంది. యాంటీబయాటిక్ కొనకండి. ఆ డబ్బుతో ముందు ఒక గోడ థర్మామీటర్ కొనండి. చాలా ఇళ్లలో మందు సీసాలు కనిపిస్తాయి గానీ ఇదొక్కటి కనిపించదు.

ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, పిల్లలకు సరిపడా వేడి ఇవ్వదు. కరెంటు ఆదా అయ్యేది కూడా అందుకే. మీకు కావలసింది పాత ఫిలమెంట్ బల్బు, పసుపు బల్బు అంటామే అది. పిల్లకు 2 వాట్ల లెక్కన మీ 36 పిల్లలకు 72 వాట్లు చాలు గానీ, ఈ చలికి 60 వాట్లవి రెండు పెట్టండి. అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది.

బ్రూడర్ తప్పకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు. అడుగున్నర ఎత్తు, 16 అడుగుల పొడవున్న రేకును గుండ్రంగా చుట్టండి. రేకు లేకపోతే ఫ్రిజ్ అట్టపెట్టెలు విప్పి కలిపి కుట్టినా సరే. మొదటి వారం కొసలు ఒకదాని మీదికి ఒకటి జరిపి 4 అడుగుల వెడల్పు ఉంచి, తర్వాత వదులు చేస్తూ పోండి. మేస్త్రీలు వాడే పాత ఇనుప తట్టకు రంధ్రాలు చేసి, పింగాణీ హోల్డర్లు బిగించి, ఊకకు అడుగున్నర పైన బోర్లించి వేలాడదీయండి. బరువు గొలుసు మీదే ఉండాలి, కరెంటు వైరు మీద పడొద్దు. ఊడి ఊక మీద పడితే కొట్టమే అంటుకుంటుంది. ఈ పనంతా స్విచ్ ఆపే చెయ్యండి. ఎలుకలు, పిల్లులు దూరకుండా పైన జాలీ కప్పండి.

ఊక 2 అంగుళాల మందం పొయ్యండి. ఈసారి కొత్త పిల్లలు తెచ్చేటప్పుడు ముందురోజే బల్బులు వేసి ఊకను వెచ్చబెట్టండి. నేల వెచ్చగా ఉందో లేదో తెలియాలంటే ఒక పిల్లను చేతిలోకి తీసుకుని దాని పాదాలు మీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే కింద వేడి చాలనట్టే.

థర్మామీటర్ పిల్ల వీపు ఎత్తులో ఉండాలి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. తట్టను కొంచెం పైకి లాగితే వేడి తగ్గుతుంది. అయితే అంకె కంటే పిల్లలే బాగా చెబుతాయి. రాత్రి రెండింటికి లేచి ఒకసారి చూడండి. బల్బు కింద గుంపుకట్టి అరుస్తుంటే చలి. నోరు తెరిచి, రెక్కలు వాల్చి రేకు అంచుకు చేరితే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు పోతే ఎటునుంచో గాలి కొడుతోంది, గాలి వచ్చే వైపు గోనెపట్టా కట్టండి. కొట్టం పైభాగం మాత్రం మూయకండి, లోపల రెట్టల ఘాటు పేరుకుంటుంది. పిల్లలు అంతటా పరుచుకుని, కొన్ని కాళ్లు చాచి పడుకుంటే మీరూ టెన్షన్ లేకుండా పడుకోవచ్చు.

కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు గోనెగుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టండి. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టొద్దు, ఆ పొగ పిల్లలతోపాటు మనుషులకూ ప్రాణాంతకం.

నీళ్లు గోరువెచ్చగా, లోతులేని గిన్నెలో గులకరాళ్లు వేసి పెట్టండి. 7వ రోజు కొక్కెర తెగులుకు లసోటా, 14వ రోజు గంబోరో రోగానికి టీకా మరవొద్దు. వేడి సరిగా అందాక కూడా రెండు రోజుల తర్వాత పిల్లలు చనిపోతుంటే, చచ్చిన పిల్లను పారేయకుండా అదే పూట మండల పశువైద్యశాలకు గానీ మామునూరు వెటర్నరీ కాలేజీకి గానీ తీసుకెళ్లండి. కోసి చూశాకే మందు సంగతి.