బరంపురం హాలులో పులివేషం, ప్రహ్లాద నాటకం కళాకారుల పోర్ట్రెయిట్లు: ఎన్ని పడతాయి, అద్దం వేయాలా?

మీరు చెప్పిన వివరాలివి: ఒడిశాలోని బరంపురంలో అద్దె హాలు, 30 అడుగుల గోడలు రెండు, 10 అడుగుల సీలింగు. ఊళ్లో జరిగే ఠాకురాణి అమ్మవారి జాతర పులివేషాలవీ ప్రహ్లాద నాటకం (ఆ ప్రాంతపు జానపద నాటకం) వాళ్లవీ కలిపి 24 పోర్ట్రెయిట్లు, అన్నీ 16 బై 20 అంగుళాలవి. మూడు రోజుల ప్రదర్శన. అద్దం వేయాలా, లైట్లు ఎలా పెట్టాలి అని అడిగారు.

ముందుగా, మౌంటు (ప్రింటు చుట్టూ వచ్చే అట్ట అంచు) పెట్టిస్తే 24 పట్టవు. 16 బై 20 ప్రింటుకి చుట్టూ రెండున్నర అంగుళాల మౌంటు, అంగుళం ఫ్రేము కలిపితే పటం 23 బై 27 అవుతుంది. పటానికీ పటానికీ మధ్య అడుగు ఖాళీ వదిలితే 30 అడుగుల గోడకి 10 మాత్రమే పడతాయి. నన్నడిగితే గోడకి 9 చాలు, మధ్యలో 15 అంగుళాలు వదలండి. వేషం కట్టిన ముఖం పక్కనే ఇంకో వేషం ముఖం ఇరుక్కుంటే రెండూ కొట్టుకుంటాయి. మిగిలిన ఆరింటిని మానేయడానికి మనసొప్పదు కానీ ఒప్పించుకోండి.

ఎత్తు: పటం మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల్లో ఉండాలి. మేకు ఎక్కడ కొట్టాలంటే, 58కి పటం ఎత్తులో సగం, అంటే 13.5, కలిపి, వెనక తీగ బిగిసినప్పుడు ఫ్రేము పైఅంచు నుంచి ఎంత దిగుతుందో అంత తీసేయండి. తీగ 3 అంగుళాలు దిగితే మేకు 68.5 దగ్గర. సున్నం గోడలకు మేకు నిలవదు, పెచ్చు ఊడుతుంది. అలాంటి గోడైతే పైన పట్టీ వేయించి నైలాన్ తీగతో వేలాడదీయండి. ప్రతి పటానికీ రెండు కొక్కేలు. ఒకటే ఉంటే ఫ్యాను గాలికి పక్కకి ఒరుగుతుంది.

ఇక అద్దం. మీ ఫొటోల్లో సగానికి వెనక నలుపే కదా. నల్లటి బొమ్మ మీద మామూలు అద్దం వేస్తే అది నిలువుటద్దమే. చూసేవాడికి కళాకారుడి ముఖానికి బదులు తన ముఖమూ ఎదురు గోడ కిటికీ కనిపిస్తాయి. మూడు రోజులకే అయితే అద్దం వద్దు. మ్యాట్ పేపరు మీద ప్రింటు తీయించి, 3 మిల్లీమీటర్ల ఏసీపీ షీటుకి (మధ్యలో ప్లాస్టిక్, రెండువైపులా అల్యూమినియం రేకు ఉండే పలక) అంటించి, మౌంటు లేకుండా ఫ్రేములో పెట్టండి. మౌంటు పోతే పటం 18 బై 22 అవుతుంది కాబట్టి ఖాళీల లెక్క, మేకు ఎత్తు మళ్లీ వేసుకోవాలి. సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ షీటు) చవకే, కానీ మన సముద్రపు చెమ్మకి వంగిపోతుంది.

తరవాత కూడా దాచుకోవాలనుకుంటే అద్దం, మౌంటు రెండూ ఉండాలి. మౌంటు అందానికే అనుకుంటారు చాలామంది. దాని అసలు పని ప్రింటుని అద్దానికి తగలకుండా ఉంచడం. తగిలితే చెమ్మకి అతుక్కుపోతుంది. విడదీస్తే పైపొర అద్దానికే వచ్చేస్తుంది, ఆ ప్రింటు ఇక బాగుపడదు. కాబట్టి 2 మిల్లీమీటర్ల ఆమ్లం లేని బోర్డు అడగండి. ప్రింటుని పైఅంచున రెండుచోట్ల కాగితపు టేపుతో మాత్రమే అంటించాలి. నాలుగువైపులా అంటిస్తే తడిగాలికి కాగితం సాగి అలలు తేలుతుంది. సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరకి రానీయొద్దు. పటం వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బొడిపెలు అంటిస్తే గోడ చెమ్మ నేరుగా తగలదు.

పులి పసుపు గురించి జాగ్రత్త. ఒంటికి పూసిన ఆ పసుపు రంగుకి ఫైల్లో నీలం విలువ అట్టడుగున సున్నాకి, ఎరుపు విలువ చిట్టచివర 255కి కొట్టుకుని, చర్మం గీతలు పోయి ప్లాస్టిక్ బొమ్మలా వస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పసుపు, నారింజల సాచురేషన్ (రంగు గాఢత) 10 నుంచి 15 పాయింట్లు తగ్గించండి. ల్యాబు ఇచ్చే కలర్ ప్రొఫైలు ఫైలుతో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటులో రంగులు ఎలా వస్తాయో తెరమీదే) చూసుకుని, ముందుగా 4 అంగుళాల వెడల్పు ముక్క ఒకటి ప్రింటు తీయించి, హాలు లైటు కిందే పరీక్షించండి. ఇంట్లో ట్యూబులైటు కింద చూస్తే పసుపు ఆకుపచ్చ ఛాయలో కనిపించి మోసం చేస్తుంది. ల్యాబుకి పూర్తి సైజు ఫైలే ఇవ్వండి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైలు 16 బై 20కి కత్తిరించినా అంగుళానికి 250 పిక్సెళ్లు ఉంటాయి. వాట్సాప్‌లో తిరిగిన కాపీలో పిక్సెళ్లు బాగా తగ్గిపోతాయి.

లైటు: గోడకి 3 అడుగుల దూరంలో సీలింగు మీద పెడితే కాంతి పటం మధ్యకి నిలువు గీత నుంచి సుమారు 30 డిగ్రీల వాలులో పడుతుంది. అద్దం ఉన్నా మెరుపు కిందికి జారిపోతుంది. పటానికి ఒక 7 వాట్ల ఎల్ఈడీ స్పాట్, 36 డిగ్రీల బీము, 3000 కెల్విన్ (వెచ్చని తెలుపు), సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో తెలిపే సంఖ్య) 90కి పైన. 24 డిగ్రీలది తీసుకుంటే మౌంటు ఉన్న పటం మూలలు చీకటవుతాయి. అన్నీ ఒకే కంపెనీ ఒకే రకం. కిటికీలకు నల్లగుడ్డ కట్టండి.

పేర్ల చీటీలు ఒడియాలోనూ తెలుగులోనూ రాయించండి. ఒడియాలో రాసినదాన్ని చూసి తెలుగు రాస్తే ‘వెంకట’ ‘బెంకట’ అయిపోతుంది. కళాకారుడి చేతే పేరు పలికించుకుని రాసి, తిరిగి ఆయనకే చదివి వినిపించాలి. పేరు, వేషం, ఊరు, తీసిన ఏడాది చాలు. అక్షరాల సైజు పేరుకి 24 పాయింట్లు, మిగతాదానికి 18. చీటీ పటానికి కుడిపక్కన.

ప్రహ్లాద నాటకంలో నరసింహుడి ముఖోటా (ముఖానికి పెట్టుకునే తొడుగు) పూజలందుకునే వస్తువు. దాని ఫొటో పెట్టేముందు ఆ బృందం గురువుగారిని అడగండి, చెప్పులు విడిచే గుమ్మం పక్కన మాత్రం పెట్టకండి. ప్రతి కళాకారుడికీ 8 బై 12 ప్రింటు ఒకటి ప్రారంభోత్సవానికి ముందే చేర్చండి. తన బొమ్మ ముందుగా తను చూడాలి.

ఈ ఫొటోలు ఏదైనా సంస్థ డబ్బిచ్చి తీయించినవైతే, వేరే ఒప్పందం లేకపోతే 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం హక్కు ఆ సంస్థదే. ప్రింట్లు అమ్మే ఆలోచన ఉంటే ఆ ఒప్పందం కాగితం ముందే రాయించుకోండి.