యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీ చూడ్డానికి రెండు గంటలు సరిపోతాయా?

అమలాపురం నుంచి డిగ్రీ పిల్లల్ని విశాఖ తీసుకెళ్తున్నాం, దార్లో ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న గ్యాలరీ చూపిస్తాం, రెండు గంటలు సరిపోతాయా, విద్యార్థుల బొమ్మలు కొనుక్కోవచ్చా అని అడిగారు మాస్టారూ. రెండు గంటలు ఎక్కువ. గంట చాలు. మిగిలిన గంట ప్రింట్‌మేకింగ్ స్టూడియోలో, అంటే రేకు మీదో చెక్క మీదో బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు వేసే చోట గడపండి, క్యాంపస్‌కి వెళ్ళినందుకు అసలు లాభం అక్కడుంది.

క్యాంపస్ గ్యాలరీలు మామూలుగా ఆఫీసు వేళల్లోనే తెరుస్తారు. మధ్యాహ్నం భోజనాల వేళ తాళం పడొచ్చు, రెండో శనివారం సంగతి ముందే కనుక్కోవాలి. ఒక ప్రదర్శన దించి ఇంకోటి ఎక్కించే రోజుల్లో వెళ్తే ఖాళీ గోడలూ మేకులూ చూసి రావాలి. అందుకని ముందు ఫోన్ చేసి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ హెడ్ పేరు మీద కాలేజీ లెటర్ పట్టుకెళ్ళండి. చాలాచోట్ల ఫైనలియర్ వాళ్ళ యాన్యువల్ షో పెడతారు, వెళ్తే దానికే వెళ్ళండి.

నలభై మందిని ఒక్కసారి లోపలికి తోలకండి. పదేసి మంది. బొమ్మ మూల నుంచి మూలకి ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో మొదట నిలబడాలి, తర్వాత దగ్గరికెళ్ళాలి, చివర్న పక్కకి జరిగి ఏటవాలుగా చూడాలి. రంగు ఎక్కడ మందంగా వేశారో, ఎక్కడ గీకి మళ్ళీ వేశారో ఆ మూడో చూపులోనే దొరుకుతుంది. లేబుల్ మీద కొలతలుంటే మొదటిది ఎత్తు, రెండోది వెడల్పు. లేబులే లేకపోతే నిర్వాహకుల్ని అడగండి, మొహమాటం వద్దు. ప్రారంభోత్సవం ఫ్లెక్సీకి ఉన్న శ్రద్ధ లేబుళ్ళకి ఉండదు చాలాచోట్ల. ట్యూబ్‌లైటు సూటిగా గాజు మీద పడి, బొమ్మకి బదులు మన మొహమే కనిపించే గోడలూ ఉంటాయి. అలాంటప్పుడు రెండడుగులు పక్కకి జరగడమే మందు. నీటిరంగులకి 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పెట్టకూడదంటారు, కాబట్టి ఆ గది మసగ్గా ఉంటే తిట్టుకోకండి.

ఇక ప్రింట్లు. ఎచింగ్ (లోహపు రేకు మీద గీతల్ని ఆసిడ్‌తో తొలిచి వేసే అచ్చు) అయితే బొమ్మ చుట్టూ కాగితం మీద రేకు అంచు నొక్కుకుపోయిన గీత కనిపిస్తుంది. ప్రెస్సులో తడికాగితం, రేకు కలిసి నలుగుతాయి గనక ఆ గుంట పడుతుంది. లినోలియం షీటు చెక్కి వేసే లినోకట్‌కి మామూలుగా ఆ గుంట రాదు. చెక్క మీద చెక్కి వేసే ఉడ్‌కట్‌లో తరచు చెక్క నారే బయటపడుతుంది. కింద ఎడమపక్క పెన్సిల్‌తో 3/10 అని ఉంటే పది ప్రతుల్లో మూడోది. కుడిపక్క సంతకం. అదీ పెన్సిల్‌తోనే ఉండాలి. సూదితో నేరుగా రేకు మీద గీకే డ్రైపాయింట్‌లాంటి వాటిలో మాత్రం మొదటి ప్రతులు మెరుగు, గీత పక్కన లేచిన లోహపు గరుకు తొందరగా అరిగిపోతుంది గనక. మిగతా వాటిలో ఒకటో నంబరుకీ పదో నంబరుకీ పెద్ద తేడా ఉండదు, ఎక్కువ ఇవ్వకండి.

కొన్నారనుకోండి, అప్పుడు మొదలవుతుంది మన కోనసీమ కష్టం. ప్రింటుని చుట్టకండి, రెండు అట్టల మధ్య పరిచి తీసుకురండి. బస్సులో పైన రాక్ మీద పెడితే రావులపాలెం దాటేసరికి దాని మీద ఎవరిదో అరటిగెల ఉంటుంది. ఇంటికొచ్చాక ఫ్రేము షాపుకి వెళ్తే, వద్దన్నా సరే హార్డ్‌బోర్డు మీద జిగురు పూసి అతికిస్తాడు, లామినేషన్ చేస్తే ఇంకా మంచిదంటాడు. రెండూ బొమ్మని చంపేవే. కాగితం తేమకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. నాలుగువైపులా అతికిస్తే ఎటూ పోలేక ఎండలో వేసిన అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. పై అంచున రెండు చోట్ల మాత్రం పల్చటి టిష్యూ కాగితం ముక్కలు, గోధుమగంజితో అంటించాలి. కింద వదిలెయ్యాలి. గాజుకీ కాగితానికీ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు ఉండేలా ఆమ్లం లేని మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) పెట్టమనండి. గాజు తగిలితే సిరా దానికి అంటుకుపోతుంది, బూజు అక్కణ్ణుంచే పడుతుంది.

రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది, వీలైతే పిల్లలకి ముందు అదే చూపించండి. 1925లో ఇరవయ్యేడేళ్ళకే పోయిన చిత్రకారుడు. ఆయన తైలవర్ణాలూ, నీటిరంగులూ ఈ గోదావరి గాలిలో ఎలా నిలిచాయో దగ్గర్నుంచి చూస్తే, తేమ గురించి ఇంతసేపు ఎందుకు చెప్పానో తెలుస్తుంది.

నైరుతి వానజల్లు కొట్టే గోడకి, వంటింటి గోడకి, ఎండ పడే కిటికీ ఎదురుగా బొమ్మ తగిలించకండి. ఇంటి లోపలి అడ్డగోడ మంచిది. ఫ్రేము వెనక కింది మూలల్లో సెంటీమీటరు మందం రబ్బరు బిళ్ళలు అతికిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. శ్రావణ, భాద్రపదాల్లో నెలకోసారి దించి వెనక చూడండి. తుప్పురంగు చుక్కలు మొదలైతే తడిబట్టతో తుడవకండి, ఫ్రేము విప్పి ఫ్యాను తిరిగే గదిలో, ఎండ తగలకుండా, పూర్తిగా ఆరేదాకా పరిచి ఉంచండి.