టాప్ రైడర్‌ని ఫైనల్లో కూర్చోబెట్టడం తప్పా?

మీరు రాసింది ఇదీ. సంక్రాంతి కబడ్డీ టోర్నమెంటులో మీ ఊరి టీమ్‌కి అందరికన్నా ఎక్కువ రైడ్ (కూత) పాయింట్లు తెచ్చిన కుర్రాడిని కోచ్ ఫైనల్లో మొదటి ఏడుగురిలో దించలేదు. పేర్లు చదివేదాకా ఆ సంగతి అతనికే తెలియదు. అతని బదులు, మడమ బెణికిన ఇంకో కుర్రాడికి నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించి ఆడించారు. ఓడిపోయారు. ఇప్పుడు ఊళ్ళో సగం మంది స్కోరు పుస్తకం పట్టుకుని కోచ్‌ని తిడుతున్నారు. మిగతా సగం మంది టీమ్ పెట్టేది ఆయన, అడగడానికి మనమెవరం అంటున్నారు. న్యాయం ఎవరి వైపు ఉందని మీ ప్రశ్న.

మాది కోనసీమ, రాజోలు వైపు. చాలా ఏళ్ళు లెఫ్ట్ కార్నర్‌లో, అంటే రైడర్‌ని పట్టే వరసలో ఎడమ చివర, ఆడాను. ఆట మానేశాక మా టీమ్‌కి స్కోరు రాస్తున్నాను. కాబట్టి నా జవాబు ముందే చెప్పేస్తాను. కూర్చోబెట్టడం తప్పు కాకపోవచ్చు. ఎందుకో అతనికి చెప్పకపోవడం తప్పు. ఇంజెక్షన్ మాత్రం ముమ్మాటికీ తప్పు, కప్పు గెలిచి ఉన్నా తప్పే.

ముందు పాయింట్ల సంగతి. మన ఊళ్ళ స్కోరు పుస్తకాల్లో రైడర్ పేరు పక్కన అతను తెచ్చిన పాయింట్లే రాస్తారు. అతను పట్టుబడినప్పుడు అవతలి వాళ్ళకి వెళ్ళిన పాయింట్లు వాళ్ళ డిఫెండర్ ఖాతాలో పడతాయి, మన వాడి పేరు మీద ఎక్కడా కనపడవు. అసలు గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఒక రైడర్ 16 సార్లు కూతకు వెళ్ళాడనుకోండి. 5 బోనస్‌లు (అవతలి కోర్టులో బోనస్ గీత దాటినందుకు), 4 టచ్‌లు (మనిషిని తాకి ఔట్ చేసినందుకు), మొత్తం 9 పాయింట్లు. ఒకసారి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు, 6 సార్లు దొరికిపోయాడు. ఇంకొకడు 12 సార్లు వెళ్ళి 5 టచ్‌లు తెచ్చాడు, 6 సార్లు ఖాళీగా వచ్చాడు, ఒక్కసారే దొరికాడు. ఊరంతా మొదటివాణ్ణే భుజాల మీద ఎత్తుకుంటుంది. కానీ మొదటివాడు 9 తెచ్చి కనీసం 6 ఇచ్చాడు. రెండోవాడు 5 తెచ్చి ఒకటి ఇచ్చాడు. తీసేస్తే ఇతనిదే ఎక్కువ.

అంతటితో అయిపోదు. బోనస్ పాయింటుకి ఔటై బయట కూర్చున్న మనవాడు లోపలికి రాడు, టచ్ పాయింటుకి వస్తాడు. అవతల ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ ఉంటుంది. వాళ్ళు ముగ్గురికి వచ్చేసి, ఇంకో మూడు టచ్‌లు పడితే ఆలౌట్ (టీమ్ అంతా ఔట్) అనుకునే సమయంలో బోనస్ మీద బతికే రైడర్ దగ్గర ఆయుధం ఉండదు. అప్పుడు పట్టుబడితే సూపర్ ట్యాకిల్, వాళ్ళకి రెండు పాయింట్లు. రెండు ఖాళీ రైడ్ల తర్వాత వచ్చే, పాయింటు తేకపోతే ఔటయ్యే డూ ఆర్ డై రైడ్‌లో ఎవరు వెళ్ళారు, ఏం తెచ్చారు అన్నది కూడా విడిగా చూడాలి. మా పుస్తకంలో నేను ప్రతి రైడ్‌కీ అవతల ఎంతమంది నిలబడి ఉన్నారో రాస్తాను. ఆ ఒక్క గడి కలిపితే చాలు, టాప్ రైడర్ ఎవరన్న వాదనలు సగం ఆగిపోతాయి.

ఇంకోటి మన డెల్టాలో ఆడినవాళ్ళకే బాగా తెలుస్తుంది. గ్రౌండు. అంతర్వేది వైపు సముద్రం దగ్గర ఊళ్ళలో ఇసుక నేల. అక్కడ కాలితో టచ్ చేసే రైడర్‌కి పాదం నిలవదు, కిక్ లేపగానే ఒళ్ళు తూలిపోతుంది. చేయి చాచి తాకేవాడికి పెద్దగా తేడా ఉండదు. లోపలి ఊళ్ళలో, వరి కోసిన ఒండ్రు చేలో నీళ్ళు కొట్టి రోలర్ తిప్పిన నేల మీద అదే కిక్ కొట్టేవాడు చెలరేగిపోతాడు. ఇప్పుడు చాలాచోట్ల అద్దెకు మ్యాట్లు తెచ్చి ఫ్లడ్‌లైట్ల కింద ఆడిస్తున్నారు. పండగ రోజుల్లో రాత్రి తొమ్మిది దాటితే మంచు పడుతుంది, మ్యాట్ తడిసి జారుతుంది. కార్నర్‌లో ఉన్నవాడు వెనక కాలు ఊనలేడు, యాంకిల్ హోల్డ్ (మడమ పట్టు) వేస్తే చెమటకీ మంచుకీ చేయి జారిపోతుంది. నేను అక్కడ నిలబడినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ టైమ్‌లో వచ్చిన రైడ్ పాయింట్లు సగం మ్యాట్ ఇచ్చినవి. మీ టాప్ రైడర్ పాయింట్లు లీగ్ మ్యాచుల్లో ఎక్కడ, ఏ వేళ వచ్చాయో ఒకసారి చూడండి. ఫైనల్ పగటి పూట గట్టి నేల మీద అయితే కోచ్‌కి కారణం ఉండి ఉండొచ్చు.

ఒక్క రైడర్ లెక్కే టీమ్ లెక్క కాదనడానికి ప్రో కబడ్డీలో మంచి ఉదాహరణలున్నాయి. 2017లో పర్‌దీప్ నర్వాల్ పట్నా పైరేట్స్‌కి 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు, కప్పూ వచ్చింది. అదే పర్‌దీప్ అదే టీమ్‌కి 2019లో 302 తెచ్చాడు, టీమ్ ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్ళలేదు. తర్వాతి సీజన్‌కి అతను యూపీ యోధాకి వెళ్ళిపోయాడు. పట్నా పని అయిపోయిందని అందరం అనుకుంటే, ఇరాన్ నుంచి వచ్చిన షాద్లూ లెఫ్ట్ కార్నర్‌లో నిలబడి, రైడర్లని పట్టి 89 ట్యాకిల్ పాయింట్లు కొట్టాడు. లీగ్ దశలో పట్నాదే మొదటి స్థానం. ఫైనల్లో దబంగ్ ఢిల్లీ చేతిలో 37-36, ఒక్క పాయింటుతో పోయింది. మన తెలుగు టైటన్స్ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ బాధే. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అతను 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చి తన పని తాను చేశాడు. 22 మ్యాచుల్లో 2 గెలిచి టీమ్ అట్టడుగున నిలిచింది. అతను ఒకసారి పట్టుబడి బయటికి వెళ్తే, మళ్ళీ లోపలికి తెచ్చే రెండో చేయి కావాలి కదా.

ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలన్నది కోచ్ కంటికే వదలాలని నాకు గట్టి నమ్మకం. బ్యాడ్మింటన్‌లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్‌నే చూడండి. అతనూ చిరాగ్ శెట్టీ ఇద్దరూ వెనక కోర్టు నుంచి స్మాష్ కొట్టే రకమే. ఇద్దర్నీ ఒక జోడీ చేయడమేమిటని ఎవరైనా అడుగుతారు. మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్ చేశాడు. చిరాగ్ నెట్ దగ్గర ఆట నేర్చుకున్నాడు, సాత్విక్ వెనక ఉండి కొట్టాడు. 2022 థామస్ కప్ ఫైనల్లో ఇండోనేసియా జోడీ మీద మొదటి గేమ్ ఓడి, మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచారు. 2023 అక్టోబరులో ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు రెండూ వచ్చాయి. అప్పటిదాకా ఉన్న లెక్కలు మాత్రమే చూస్తే ఆ జోడీ పుట్టేదే కాదు.

కాబట్టి కోచ్ మీ టాప్ రైడర్‌ని బయట ఉంచాడన్న ఒక్క కారణానికి ఆయన మీద కోపం వద్దు.

కానీ పేర్లు చదివేదాకా చెప్పకపోవడం గురించి నాకు కోపం ఉంది. నాకు ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారు ఎవర్నైనా తప్పించాలంటే ముందు రోజు సాయంత్రమే పక్కకి పిలిచేవారు. కాలవ గట్టు మీద కూర్చోబెట్టి, "ఒరేయ్, రేపు నిన్ను దించట్లేదు. వాళ్ళ రైట్ కార్నర్ ఎత్తుగా ఉన్నాడు, నువ్వు వెళ్ళేది అటే. రెండో హాఫ్‌లో వాడు అలిసిపోయాక దింపుతాను, ఒళ్ళు వేడిగా ఉంచుకో" అని చెప్పేవారు. ఆ మాటతో బాధ పోదు. అయినా రేపు నాకు పని ఉంది అన్న ఆలోచన మిగులుతుంది. ఆ తర్వాత వేరే కోచ్ దగ్గర ఆడాను, ఆయన చీటీ చూసి పేర్లు చదివేవాడు, అంతే. చెల్లెలి నిశ్చితార్థం మానుకుని ప్రాక్టీసుకి వచ్చిన మా కవర్ డిఫెండర్ పేరు ఒకరోజు ఆ చీటీలో లేదు. అమ్మా నాన్నా కొబ్బరి చెట్ల కింద కుర్చీలేసుకుని కూర్చుని ఉన్నారు. వాడు జెర్సీ మీద చొక్కా తొడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ కోర్టులో కాలు పెట్టలేదు. ఆ కోచ్ నిర్ణయం ఆటపరంగా సరైనదే, నేనే ఒప్పుకుంటాను. రెండు నిమిషాల మాట చెప్పలేదు, అంతే. ఊరి కబడ్డీలో జీతం లేదు, కాంట్రాక్టు లేదు. పొలం పనో, రొయ్యల చెరువు దగ్గర డ్యూటీయో చూసుకుని వచ్చి ఆడుతున్న పిల్లలు వీళ్ళు. వాళ్ళకి మనం ఇవ్వగలిగింది ఆ మాత్రం గౌరవమే.

ఇక ఇంజెక్షన్. నొప్పి తగ్గించే మందు మడమని బాగుచేయదు, నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. రైడర్ వెనక్కి తిరిగేటప్పుడు శరీరం బరువంతా ఒక్క కాలి మీద పడి మెలి తిరుగుతుంది. ఆ నొప్పి ఉంటేనే మనిషి కాలు వెనక్కి తీసుకుంటాడు. అది లేకపోతే సగం తెగిన లిగమెంటు పూర్తిగా తెగేదాకా ఆడేస్తాడు. పైగా అవతలి టీమ్ అంతా పట్టేది ఆ మడమనే.

ఇలాంటప్పుడు మన వైపు కోచ్‌లు తరచూ చెప్పే పేరు ఒకటుంది: "విహారి ఆడలేదా?" కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఎదుర్కొని 23 నాటౌట్‌గా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ని డ్రా చేశాడు. 23 పరుగులే అని పుస్తకం చెబుతుంది, ఆ రోజు చూసినవాళ్ళకి అవి ఎంత విలువైనవో తెలుసు. నాకూ ఆ ఇన్నింగ్స్ ప్రాణం. కానీ దాన్ని పిల్లల మీద ప్రయోగించడం నేను ఒప్పుకోను. అప్పటికి విహారి క్రీజులోనే ఉన్నాడు, దేశానికి ఆడుతున్న పెద్దవాడు, పక్కనే టీమ్ ఫిజియో ఉన్నాడు. ఆ తర్వాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు కూడా. మీ కుర్రాడికి ఫిజియో ఎవరు? వద్దంటే టీమ్‌లోంచి తీసేస్తారేమో అన్న భయం లేకుండా అతను సరే అన్నాడా? ఇంటర్ చదివే పిల్లాడు కోచ్ ముఖం మీద వద్దని ఎలా చెబుతాడు?

బరువు విషయంలోనూ ఇదే జరుగుతోంది, మీరు అడగకపోయినా చెప్పాలి. జూనియర్ బాలురకీ, సీనియర్ పురుషులకీ ఇన్ని కిలోల లోపు ఉండాలని హద్దులున్నాయి. ఆ కాంటా దాటడానికి ముందు రోజు నుంచి నీళ్ళు ఆపించి, ఎండలో స్వెట్టర్ తొడిగి పరిగెత్తించడం నేను చూశాను. మన గోదావరి గాలిలో అసలే తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. నీళ్ళు లేక రక్తం చిక్కబడి గుండె దడదడలాడుతుంటే వాణ్ణి కూతకి పంపిస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ 100 గ్రాములు ఎక్కువ తూగి పడిన కష్టం దేశమంతా చూసింది. అంతమంది డాక్టర్లున్నచోటే అంత కష్టమైతే, కిరాణా కొట్టు కాంటా మీద తూకం వేసే మనం ఏ ధైర్యంతో చేయిస్తున్నాం? వయసు సర్టిఫికెట్లు మార్చి పెద్దవాళ్ళని సబ్ జూనియర్స్‌లో దించడం ఇంకో రోగం. దాని దెబ్బ నేరుగా అవతలి పిల్లల ఎముకల మీద పడుతుంది.

ఊరి పెద్దలు మీటింగ్ పెడతారని రాశారు. అక్కడ కోచ్‌ని ఎందుకు ఓడించావని అడగకండి, దానికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఇంజెక్షన్ ఎవరు చేశారు, డాక్టరా, మందుల షాపు అబ్బాయా, ఇంట్లోవాళ్ళకి చెప్పారా అని అడగండి. వచ్చే టోర్నీ నుంచి దెబ్బ తగిలిన ఆటగాడు ఆడాలా వద్దా అన్నది కోచ్ కాకుండా డాక్టర్ చెప్పాలని రాసి సంతకాలు పెట్టించండి. స్కోరు పుస్తకంలో పట్టుబడిన రైడ్లకీ, అవతల నిలబడ్డ మనుషుల సంఖ్యకీ గడులు గీయండి. టాప్ రైడర్ కుర్రాడిని కోచే స్వయంగా ఇంటికి వెళ్ళి కలిసేలా చూడండి. పెద్దాయన వెళ్తే వాడు కాదనడు.

అవన్నీ జరిగేలోపు ఒక పని ఉంది. ఫైనల్ అయ్యాక ఆ మడమకి స్కాన్ తీయించారో లేదో మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. తీయించకపోతే రేపే కుర్రాడిని అమలాపురమో భీమవరమో, ఏది దగ్గరైతే అక్కడికి, ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఖర్చు వాళ్ళ నాన్న మీద వేయకుండా రన్నరప్‌గా వచ్చిన డబ్బులోంచే పెట్టండి.