ముందు గుర్రానికి దాణా పెట్టు

బరంపురం

బాబూ,

నీ నవల రాతప్రతి అందింది. రెండో అధ్యాయంలో, చలికాలం తెల్లవారుజామున, నీ రౌతు కళ్ళెం ఇనుమును అరచేతుల్లో రుద్ది వెచ్చచేసి గుర్రం నోట పెట్టాడు. ఆ నాలుగు వాక్యాలు బాగున్నాయి. వాటి కోసమే మిగతాది చదివాను. తొమ్మిదో అధ్యాయంలో అదే మనిషి రాత్రంతా గుర్రాన్ని దౌడు తీయించి, 60 మైళ్ళు దాటించి, తెల్లారగానే దిగి, పగ్గాలు చెట్టుకు చుట్టి పడుకున్నాడు. లేచేసరికి గుర్రం మళ్ళీ సిద్ధంగా ఉంది! మేత లేదు, నీళ్ళు లేవు, జీను దించింది లేదు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం అందుకే.

పర్లాకిమిడిలో కూర్చుని వర్జీనియా గురించి రాయవచ్చా అని అడిగావు. రాయి, ఎవరొద్దన్నారు? కానీ గుర్రానికి ఉలవ గుగ్గిళ్ళు పెట్టకు. అమెరికా అంతర్యుద్ధంలో గుర్రాలు తిన్నది ఎండుగడ్డి, ఓట్స్ గింజలు, మొక్కజొన్న. ఇంకొకటి. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి ‘అశ్వమును అధిరోహించెను’ అని ఎలా రాయబుద్ధేసిందయ్యా? గుర్రం ఎక్కాడు అను, చాలు.

నా మాట ఒక్కటే. అశ్వికదళం కథను నడిపేది కత్తి కాదు, గుర్రం కడుపూ వీపూ. ఆ రెండూ నీకు తెలిస్తే సంఘటనలు వెతుక్కోనక్కర్లేదు.

కడుపు సంగతి చూడు. ఆ యుద్ధంలో ఉత్తరాది పక్షపు సైన్యం నిబంధన ప్రకారం గుర్రానికి రోజుకు 14 పౌన్ల ఎండుగడ్డి, 12 పౌన్ల గింజలు. మొత్తం 26 పౌన్లు, అంటే మన లెక్కలో 12 కిలోలకు కాస్త తక్కువ. నీ దండులో 1,000 గుర్రాలున్నాయని రాశావు. రోజుకు 26,000 పౌన్లు, దాదాపు 12 టన్నులు! దాన్ని మోసే బండ్లు దండుతో సమానంగా పరిగెత్తలేవు. అందుకని దాడికి వెళ్ళే దండు దారిలో రైతుల గాదెలు ఊడ్చుకుంటూ పోతుంది. ఒకచోట రెండు రాత్రులు ఆగితే రెండో రాత్రికి చుట్టుపక్కల ఏమీ మిగలదు. నీ సేనాని ‘వ్యూహాత్మకంగా’ శిబిరం మార్చాడని రాశావే, అసలు కారణం ఇదై ఉండాలి. పైగా ఇది సొంత దేశంలో యుద్ధం. ఆ గాదె యజమాని నీ రౌతుకు చుట్టమే కావచ్చు. ఆ దృశ్యం నీ నవలలో ఒక్కచోటా లేదు, దాని బదులు వెన్నెల ఉంది.

నీళ్ళు రోజుకు 30, 40 లీటర్లు కావాలి. వెయ్యి గుర్రాలు ఒక్కసారి వాగులో దిగితే వెనక వచ్చేవాటికి మిగిలేది బురదే. అందుకే దళాల వారీగా వంతులు వేసి, బూరా ఊది మరీ తీసుకెళ్ళేవారు. ఒళ్ళు కాగి ఉన్న గుర్రాన్ని అలాగే నీళ్ళ మీద వదిలినా, దానికి వెంటనే గింజ పెట్టినా కడుపునొప్పితో పడి దొర్లుతుందని అప్పటి రౌతుల భయం. ఆ రోజుల్లో దానికి గట్టి మందు లేదు.

ఇక వీపు. వాళ్ళ జీను పేరు మెక్లెల్లన్. 1859లో సైన్యం ఒప్పుకున్నది. చెక్క చట్రం మీద పచ్చితోలు బిగించి కుట్టినది, నడిమధ్యన పొడుగునా ఖాళీ. ఆ ఖాళీ వల్ల బరువు వెన్నెముక మీద పడదు, గాలీ ఆడుతుంది. వానకు నాని ఎండకు ఎండితే కుట్ల దగ్గర పచ్చితోలు చిట్లి లేచేది, అప్పుడు చీరుకుపోయేది రౌతు తొడలు. జీను కింద ఉన్ని దుప్పటి మడతపెట్టి వేస్తారు. అందులో ఒక్క ముడత ఉన్నా, గడ్డిపరక ఇరుక్కున్నా, చెప్పులో రాయి పెట్టుకుని మహేంద్రగిరి ఎక్కినట్టే. దాని మీద మనిషి, కార్బైను అనే పొట్టి తుపాకి, పిస్తోలు, కత్తి, కోటు, గింజల సంచి, గుర్రాన్ని కట్టే తాడూ మేకూ, అన్నీ కలిసి 100 కిలోలు దాటతాయి. సాయంత్రానికి మూపు దగ్గర వాపు, మర్నాటికి పుండు.

నీ రౌతు జీను మీదే కునుకు తీశాడని ముచ్చటగా రాశావు. నిద్రలో మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు, బరువంతా ఆ పక్కన పడుతుంది, పుండు అక్కడే లేస్తుంది. తెలిసిన అధికారి నిద్రపోయేవాణ్ణి తిట్టి దించి నడిపిస్తాడు. ప్రయాణం మొదలైన గంట తర్వాత ఒకసారి ఆపి, దుప్పటి సర్ది, తంగు, అంటే జీనును బిగించే కడుపుపట్టీ, బిగించి చూసుకుంటారు. గుర్రం నడక గంటకు 4 మైళ్ళు. కాసేపు నడక, కాసేపు చిన్న పరుగు, కాసేపు అందరూ దిగి పగ్గాలు పట్టుకుని పక్కన నడవడం, దండు కదిలేది అలా. దౌడు చివరి కొన్ని నిమిషాలకే. మజిలీ చేరగానే జీను పీకేయరు. తంగు వదులు చేసి, వీపు చల్లారేదాకా జీను అలాగే ఉంచి, తర్వాత దించి గడ్డితో గట్టిగా రుద్దుతారు. వేడి మీదున్న వీపు మీంచి ఒక్కసారిగా బరువు తీస్తే అక్కడ ఉబ్బుతుంది.

పొద్దున్నే బూరా, హాజరు పిలుపు, ఆ వెంటనే గుర్రాల దగ్గరికి పిలుపు. ఖరారా అనే ఇనుప దువ్వెన, కుంచె, గిట్టల్లో ఇరుక్కున్న మట్టీ రాళ్ళూ తీయడం, దాణా. ఆ తర్వాతే మనిషికి కాఫీ, రాయిలాంటి ఎండు రొట్టె, ఉప్పు పంది మాంసం. సాయంత్రం మళ్ళీ ఇదే వరస. నీ రౌతు లేవగానే కాఫీ తాగాడు. కొట్టెయ్.

‘పని వివరాలు కథను ఆపేస్తాయి’ అని నీకు ఎవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. నా కథలో పట్టుమగ్గం పని ఉన్న రెండు పేజీలు కోసేసి, ప్రేమలేఖ ఉంచిన సంపాదకుడు ఒకాయన ఉండేవాడు. మనిషి పోయాడు గానీ నా కోపం పోలేదు. మన కథలో ఒడియా మాట కనబడితే అచ్చుతప్పు అనుకుని దిద్దేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఈమధ్య పోటీల న్యాయనిర్ణేతలకు ‘శిల్పం’ అనే జ్వరం ఒకటి పట్టుకుంది. వాళ్ళ కోసం రాయకు.

అన్నదమ్ములు చెరో పక్షాన ఉన్నారన్నావు. మంచి ఏర్పాటే, కానీ ఇద్దరూ గుర్రాన్ని ఒకేలా చూస్తున్నారు. అదెలా కుదురుతుంది? ఉత్తరాది పక్షాన ఉన్న అన్నకు ఉన్నది సర్కారు గుర్రం. చస్తే ఇంకొకటి ఇస్తారు. ఆ ధీమాతోనే మొదటి రెండేళ్ళు కొత్త రౌతులు గుర్రాలను తెగ పాడుచేశారు. 1862 అక్టోబరులో ఉత్తరాది సేనాని మెక్లెల్లన్, ఆ జీను తెచ్చినాయనే, గుర్రాలు అలసిపోయాయని తంతి కొడితే, యాంటీటమ్ యుద్ధం తర్వాత అవి అంతగా అలిసిపోయే పని ఏం చేశాయో చెబుతారా అని లింకన్ దెప్పాడు. 1863 జూలైలో అశ్వికదళానికి ప్రత్యేక విభాగం పెట్టి, వాషింగ్టన్ పక్కన గీస్‌బరోలో పెద్ద గుర్రాల డిపో తెరిచాకే పరిస్థితి చక్కబడసాగింది.

దక్షిణాది తమ్ముడిది సొంత గుర్రం, ఇంటి నుంచి తెచ్చుకున్నది. వాడకానికి సర్కారు రోజుకు 40 సెంట్లు ఇస్తుంది. పోరులో చస్తే చేరినప్పుడు కట్టిన వెల ఇస్తుంది. రోగంతోనో ఆకలితోనో పోతే పైసా ఇవ్వదు. అప్పుడు వాడు సెలవు పెట్టి ఇంటికెళ్ళి ఇంకో గుర్రం తెచ్చుకోవాలి. దొరక్కపోతే కాల్బలంలోకి పోవాల్సిందే. నువ్వు తమ్ముణ్ణి ఇంటికి పంపడానికి తల్లికి కల తెప్పించి, ఉత్తరం రాయించావు. కల ఎందుకు? గిట్ట కుళ్ళి గుర్రం కుంటితే వాడే ఇంటికొస్తాడు, దొడ్లో మిగిలిన చివరి గుర్రం కోసం. అది లేకపోతే పొలం దున్నేదెట్లా అని తల్లి గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. నీ నవలకు నడిమి ఘట్టం అదే.

బ్రాండీ స్టేషన్ యుద్ధానికి 12 పేజీల కత్తులు రాశావు. 1863 జూన్ 9న అక్కడ కత్తులు దూసిన మాట నిజమే. కానీ ఆ అంతర్యుద్ధమంతటా అశ్వికులు చాలాసార్లు నేలమీద దిగే పోరాడారు. నలుగురి చొప్పున లెక్కపెట్టి, ముగ్గురు కార్బైన్లతో ముందుకు పోతే నాలుగోవాడు నాలుగు గుర్రాల పగ్గాలూ పట్టుకుని వెనక ఉండాలి. బెదిరిన జంతువులు నాలుగు పక్కలా లాగుతుంటాయి, తుపాకి ఎత్తడానికి చెయ్యి ఖాళీ ఉండదు, ముందు ఏం జరుగుతోందో చప్పుళ్ళను బట్టి ఊహించుకోవడమే. ఆ ముగ్గురూ తిరిగి రాకపోతే మూడు ఖాళీ జీన్లతో వెనక్కి వెళ్ళేది వాడే. తమ్ముణ్ణి ఆ నాలుగోవాణ్ణి చేసి అధ్యాయం మళ్ళీ రాయి. కత్తులు రెండు పేజీలకు మించొద్దు.

లాడాల సంగతి మరిచిపోకు. రాళ్ళు పరిచిన బాటల మీద అవి తొందరగా అరుగుతాయి. దక్షిణాదికి ఇనుము కరువు, చచ్చిన గుర్రాల కాళ్ళ నుంచి ఊడదీసుకునేవారు.

పేరు గురించీ, ముందుమాట గురించీ తర్వాత మాట్లాడుకుందాం. ఈసారి పంపేటప్పుడు పేజీలకు నంబర్లు వెయ్యి, 41 తర్వాత 46 వచ్చింది. దసరాకి నేను ఊళ్ళో ఉండను, ఆ తర్వాత పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు