సుద్దముక్కల డబ్బాకో శాసనం

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: ఒకటి నుంచి ఐదు చదివే పిల్లలకు చరిత్ర ఎలా చెప్పాలి, ఆ వంకతో చదవడం రాయడం ఎలా నేర్పాలి అని. అందుకే మిగతావి వచ్చే నెలకు వాయిదా వేసి ఇవే తీసుకున్నాం.

ప్రశ్న: మాది ఇద్దరు టీచర్ల బడి. 3, 4, 5 తరగతులు నా దగ్గరే, ఒకే గదిలో. చరిత్ర అనగానే నాకే రాజుల పేర్లు, తారీఖులు గుర్తొచ్చి నీరసం వస్తుంది. పైగా సగం మందికి ఒత్తులు రావు. చదవడమే రాని పిల్లలకు చరిత్ర ఏమని చెప్పను?
– సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ), సూర్యాపేట జిల్లా

జవాబు: రాజుల్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి టీచర్ గారూ, వాళ్లెక్కడికీ పోరు. ఎనిమిదేళ్ల పిల్లకు 1213 అన్నా 1813 అన్నా ఒకటే, రెండూ "చాలా ఏళ్ల కిందట". ముందు ఏది, వెనక ఏది అనేది పిల్లల చేతికి తగలాలి. దానికి ప్రతి ఇంట్లో దొరికే వస్తువు చిల్లర. రేపు ఒక్కొక్కరినీ ఒక నాణెం తెమ్మనండి, రూపాయైనా రెండు రూపాయలైనా ఐదైనా. తేలేనివాళ్లకు మీ పర్సులోంచి ఇవ్వండి, సాయంత్రం లెక్క చూసి వెనక్కి తీసుకోండి, లేకపోతే అవి దారిలో ఉన్న కిరాణా కొట్టుకే చేరతాయి.

నాణెం మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ పక్కకి వాల్చి మెల్లగా రుద్దితే బొమ్మా సంవత్సరమూ కాగితం మీదకు దిగుతాయి. ఇప్పుడు సంవత్సరం కింద ఏముందో చూడమనండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైంది, వజ్రం గుర్తుంటే ముంబయిలో, చుక్క ఉంటే నోయిడాలో, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాలో. ఈ ఒక్క ముక్క చెప్పాక కాసేపు క్లాసు మీ చేతిలో ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. గోల తగ్గాక నాణేలను రెండు కుప్పలు పోయించండి: ₹ గుర్తు ఉన్నవి ఒకటి, లేనివి ఒకటి. ఏ కుప్పలో ఏ సంవత్సరాలున్నాయో వాళ్లనే చూసుకోనివ్వండి. ఆ గుర్తును 2010లో ఖరారు చేశారనీ, 2011 నుంచి నాణేల మీదకు వచ్చిందనీ మీరు ముందే చెప్పేస్తే మజా పోతుంది. కాసిన్ని ఎక్కువ నాణేలుంటే "అప్పుడేదో మారింది టీచర్" అని వాళ్లే పట్టుకుంటారు. చేతిలో ఉన్న ఆధారాన్ని బట్టి ఎప్పుడు ఏం మారిందో ఊహించడం, ఇంకో ఆధారంతో సరిచూసుకోవడం... చరిత్ర రాసేవాళ్లు చేసేదీ ఇదే కదా.

తర్వాత గోడకు ఒక తాడు కట్టి, నాణెం అచ్చుల కాగితాలను సంవత్సరాల వరుసలో బట్టల క్లిప్పులతో తగిలించండి. మధ్యలో పిల్లలు పుట్టిన సంవత్సరాల కార్డులు, మీరు ఉద్యోగంలో చేరిన సంవత్సరం, 2014లో తెలంగాణ ఏర్పడింది అన్న కార్డు, 2020లో కరోనాతో బడి మూతపడింది అన్నది. ఇక్కడే చదవడం రాయడం దూరుతుంది. మూడో తరగతి వాళ్లకు బోర్డు మీద ఒకే వాక్యం రాసి ఖాళీలు వదలండి: "ఈ నాణెం నాకంటే ___ ఏళ్లు ___." పెద్దదో చిన్నదో, ఎన్నేళ్లో వాళ్లే నింపాలి, తీసివేత లెక్క కూడా అందులోనే అయిపోతుంది. నాలుగో తరగతి వాళ్లు నాణెం తరఫున రెండు మూడు వాక్యాలు రాయాలి, అది ఎవరెవరి జేబుల్లో తిరిగి వచ్చిందో. ఐదో తరగతి వాళ్లకు ఇంటి పని: బాగా పెద్దవాళ్లను వెతికి పట్టుకుని అణా, బేడ, పావలా అంటే ఎంతో కనుక్కుని రావడం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. ఆ లెక్కలో బజారుకెళ్లి ఏం కొనేవారో చెప్పడానికి ఏ తాతయ్యకైనా హుషారే.

ఒత్తుల గురించి మీ దిగులు నాకు అర్థమైంది. కానీ పట్టిక చూపించి వందసార్లు చదివించే కన్నా "అమ్మమ్మ చిన్నప్పుడు" అని ఒక్కసారి రాయించండి. రెండు మాటల్లో నాలుగు ఒత్తులున్నాయి, నాలుగూ పిల్లకు కావాల్సిన మాటల్లోనే ఉన్నాయి. పాతకాలం గురించి రాసేటప్పుడు "వెళ్లేవాళ్లు", "తెచ్చుకునేవాళ్లు", "ఉండేది కాదు" ఎలాగూ పదే పదే వస్తాయి. ఆ మాటల్ని గోడ మీద అతికించి ఉంచండి, తప్పు రాస్తే గోడ వైపు చూపించండి చాలు. రోజూ పదిహేను నిమిషాలు ఇలా గడిస్తే అందరికీ అన్నీ వచ్చేస్తాయని నేను చెప్పను, అక్షరాలే సరిగా రాని పిల్లలకు విడిగా కూర్చోబెట్టి నేర్పే పని అలాగే ఉంటుంది. కానీ వాళ్లు కూడా తాడు దగ్గరికి వచ్చి తమ కాగితం మీది సంవత్సరం చదవగలరు, ఆ రోజుకు అది తక్కువేం కాదు.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి, ప్రైవేట్ స్కూలు. సోమవారానికల్లా థర్మోకోల్‌తో గోల్కొండ కోట చేసి తెమ్మన్నారు. రాత్రి పన్నెండు దాకా నేనూ మా ఆయనా చేశాం, వాడు నిద్రపోయాడు. మార్కులు మాత్రం పదికి పది. దీనివల్ల వాడికేం వచ్చినట్టు?
– ఒక అమ్మ, విజయవాడ

జవాబు: మీకు థర్మోకోల్ కోయడం వచ్చింది, బాబుకు నిద్ర దక్కింది. టీచర్ని తప్పుపట్టకుండా ఒక మాట అడిగి చూడండి: కోట బదులు కోట గురించి ఒక ప్రశ్న ఇవ్వమని. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ పైన ఉన్న బాలా హిస్సార్ కట్టడం దాకా వినపడుతుంది, అలా ఎందుకు కట్టుకుని ఉంటారు? రెండో తరగతి పిల్లాడు దీనికి బొమ్మ గీసి, కింద ఒక వాక్యం తన చేత్తో వంకరటింకరగా రాసి తెస్తాడు. దానికి పదికి ఆరు ఇచ్చినా అది వాడి ఆరు. ఫ్యాన్సీ డ్రెస్ సంగతీ ఇంతే. అద్దె కత్తీ కిరీటంతో రుద్రమదేవి వేషం వేసిన పాప స్టేజీ మీద బట్టీపట్టిన నాలుగు ముక్కలు చెప్పి దిగిపోతుంది, ఫొటో బాగా వస్తుంది.

ప్రశ్న: మన జిల్లాలో తొలి తెలుగు శాసనం ఉందని పిల్లలకు గర్వంగా చెప్పాను. "శాసనం అంటే ఏంటి సార్" అన్నారు. రాయి మీద రాత అన్నాను. "ఎందుకు రాశారు" అన్నారు. అందర్నీ తీసుకెళ్లి చూపించేంత బడ్జెట్ మాకు లేదు. క్లాసులోనే ఏమైనా చేయొచ్చా?
– నాలుగో తరగతి టీచర్, కడప జిల్లా

జవాబు: చేయొచ్చు సార్, పైగా మీ బడి గోడలోనే ఒకటి ఉండి ఉంటుంది. అదనపు గదుల ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం! పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టండి. ఎవరు కట్టించారు, ఎప్పుడు, ఎవరు తెరిచారు, ఎంత ఖర్చు, ఏది రాయలేదు? చాలా ఫలకాల మీద పెద్దల పేర్లు బారెడు ఉంటాయి, కట్టిన మేస్త్రీ పేరు కనపడదు. నాలుగో తరగతి పిల్లలు ఈ సంగతి మనకంటే ముందే పసిగడతారు. "గౌరవనీయులు", "శంకుస్థాపన", "ముఖ్య అతిథి" లాంటి మాటలు కూడబలుక్కుని చదువుతారు, ఎందుకంటే ఆ ఫలకం రోజూ చూసేదే, దాని మీద ఏముందో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

అప్పుడు పాత శాసనాల్లోకి వెళ్లండి. మీరు చెప్పిన తొలి తెలుగు శాసనం, మీ జిల్లా కలమళ్లలో ఉన్నది, రేనాటి చోళుడు ధనంజయుడి కాలంనాటిది, సుమారు 575. దానికి చాలా తర్వాత, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పట్టేసుకునేవారు, ఇకపై అలా జరగదు, సుంకం కడితే చాలు అని వర్తకులకు మాటిచ్చాడు. ఇది ఆడించడానికి ఎంత బాగుంటుందో చూడండి: బెంచీ ఒక ఓడ, చాక్‌పీసులు, డస్టర్లు సరుకు, నలుగురు వర్తకులు, ఒక రాజభటుడు. మొదటిసారి శాసనం లేకుండా ఆడించండి, భటుడు అంతా లాగేసుకుంటాడు, వర్తకులు లబోదిబోమంటారు. "మళ్లీ ఈ రేవుకు వస్తారా" అని అడగండి. తర్వాత శాసనం చదివి వినిపించి మళ్లీ ఆడించండి. "ఎందుకు రాశారు" అన్న ప్రశ్నకు జవాబు మీరు చెప్పనక్కర్లేదు.

ఇక రాయించే వంతు. దానశాసనాలకు ఒక పద్ధతి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కుతారు, అవి ఉన్నంత కాలం ఈ మాట నిలవాలని. తర్వాత ఎవరు, ఎప్పుడు, ఎవరికి, ఏమిచ్చారు. చివర శాపం! తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానం చేసిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని ఒక శ్లోకం ఎన్నో శాసనాల్లో కనపడుతుంది. ఇది విన్న పిల్లలు పడీపడీ నవ్వుతారు, నవ్వనివ్వండి. నవ్వాక తరగతికి ఒక శాసనం రాయమనండి, సుద్దముక్కల డబ్బా గురించో నీళ్ల కుండ గురించో లైబ్రరీ పుస్తకాల మూల గురించో. అన్ని భాగాలూ ఉండాలి, పదాలు తక్కువ ఉండాలి, ఎందుకంటే రాయి మీద చెక్కడం కష్టం. నల్ల చార్టు మీద తెల్ల సుద్దతో రాస్తే చూడ్డానికి రాయిలాగే ఉంటుంది. "ఈ డబ్బాలో సుద్దముక్క దొంగిలించిన వారు వందేళ్లు హోంవర్కు చేయుదురు గాక" లాంటివి వస్తాయి. ఒక్కటే నిబంధన పెట్టండి: శాపం ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, అందులో ఎవరి పేరూ ఉండకూడదు. ఈ జాగ్రత్త లేకపోతే ఇంటర్వెల్లో మీకు వేరే పంచాయితీ.

ప్రశ్న: ఐదో తరగతి పిల్లల చేత ఊరి చరిత్ర రాయించాను. చెరువు ఎవరు తవ్వించారంటే ఒక తాత ఒకటి చెప్పాడు, ఇంకో అవ్వ వేరేది చెప్పింది. ఏది కరెక్ట్ అని పిల్లలు నన్నడుగుతున్నారు. ఇంకోటి, ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ చెప్పిందని "మమ్మల్ని ఆ బావిలో నీళ్లు చేదుకోనిచ్చేవాళ్లు కాదు" అని రాసింది. దాన్ని గోడ మీద పెట్టాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.
– హెడ్‌మాస్టర్, ప్రాథమిక పాఠశాల, నల్గొండ జిల్లా

జవాబు: రెండూ రాయించండి, ఎవరు చెప్పారో పక్కన రాయించండి. రెండొందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర అడిగి రాయించిన ఊళ్ల చరిత్రలే కైఫియ్యతులు. వాటిలో ఉన్నదంతా నిజమని ఎవరూ అనరు, పుక్కిటి పురాణాలూ ఉన్నాయి. శాసనాలతోనూ ఇతర ఆధారాలతోనూ పోల్చి చూసుకుంటారు. మీ పిల్లలు కూడా తమ ఊరి కైఫియ్యతు రాశారని చెప్పండి, తాత మాట, అవ్వ మాట రెండూ ఉంచి, కింద "మేము ఇంకా ఎవరిని అడగాలి" అని ఒక శీర్షిక పెట్టించండి. తేలని సంగతిని తేలలేదనే రాయడం ఆ వయసులోనే అలవాటు కావాలి.

బావి గురించి. ఆ అమ్మాయి రాసింది చరిత్రే, ఆ కాగితాల్లో అన్నిటికన్నా గట్టిదేమో. చెరిపేయమనడం తప్పు. కానీ గోడ మీద పెట్టే ముందు ఆ అమ్మాయినీ, వీలైతే ఆ నాయనమ్మనూ అడగండి, పేరుతో పెట్టాలా, పేరు లేకుండానా, అసలు పెట్టాలా అని. ఆవిడ బతుకులోది కాబట్టి మాట ఆవిడదే. ఒప్పుకుంటే పెట్టండి. దాని మీద క్లాసులో మాట్లాడేటప్పుడు ఏ పిల్లనూ లేపి నిలబెట్టొద్దు, "అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది" అన్న వాక్యాన్ని బోర్డు మీద రాసి అందరితో చదివించి, బావి గురించి అడగమనండి, ఎప్పటి నుంచి మారింది, ఎలా మారింది అని. ఊళ్లో ఎవరైనా వచ్చి "పిల్లలకు ఇవన్నీ ఎందుకు" అంటే పిల్లలు ఇంట్లో విన్నదే రాశారని చెప్పండి.

ప్రశ్న: డల్లాస్‌లో వారాంతంలో తెలుగు పాఠాలు చెబుతాను, జీతం లేదు. పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవమంటే పారిపోతారు. కాకతీయులు, విజయనగరం అంటే వాళ్లకు పట్టదు. ఏం చేయాలి?
– వాలంటీరు టీచర్, టెక్సాస్

జవాబు: అమ్మానాన్నల పెళ్లి శుభలేఖ తెమ్మనండి. చాలా ఇళ్లలో ఎక్కడో ఒకచోట పసుపు మరకతో ఒకటి దాచి ఉంటుంది, లేకపోతే ఇండియా నుంచి ఫోన్లో ఫొటో పంపించుకోవచ్చు. అందులో పిల్లలకు తెలిసిన పేర్లే తెలుగు అచ్చులో ఉంటాయి: తాతయ్య, నానమ్మ, ఊరు, ఇంటిపేరు. అర్థం ముందే తెలిసిన మాటలు చదవడం తేలిక. తెలుగు సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. అరవై ఏళ్లకోసారి అవే పేర్లు తిరిగి వస్తాయని చెప్పి, 2025 ఉగాదితో వచ్చిన విశ్వావసు అంతకుముందు 1965లో వచ్చిందని చూపించి, ఆ ఏడు పుట్టినవాళ్లు ఇంట్లో ఎవరున్నారో వెతకమనండి. కృష్ణదేవరాయలు కూడా వస్తాడు లెండి, యాభై రూపాయల నోటు ఒకటి తెప్పించుకుని వెనక ఉన్న హంపీ రాతి రథాన్ని, పక్కనున్న భాషల పట్టీలో చివరి నుంచి రెండో వరుసలోని తెలుగును చదివించండి.

ఆ తర్వాత ఫోన్ ఇంటర్వ్యూ. పిల్లలే తెలుగులో ఐదు ప్రశ్నలు రాసుకుని, చూసి చదివి అమ్మమ్మను అడగాలి, జవాబుల్లోంచి ఒక్కటి రాసుకు రావాలి. "మీ బడి ఎలా ఉండేది" కన్నా "బడికి ఏం పట్టుకెళ్లేవాళ్లు" అని అడిగితే కబుర్లు ఎక్కువ వస్తాయి. మీకు శనివారం ఉదయం తొమ్మిదైతే అక్కడ రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అమ్మమ్మ సీరియల్ టైమ్ ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి.